మూడు లిపులు, అవే మీటలు: ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు తెలుగువారికి టైపింగ్ మార్గదర్శి

రాయగడలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. సిరొంచలో ఇంట్లో తెలుగు, తహసీలు కచేరీలో మరాఠీ. మాట్లాడటానికి ఎవరికీ ఇబ్బంది లేదు. ఆన్‌లైన్ ఫారంలో "పేరు స్థానిక భాషలో" అన్న గడి వచ్చినప్పుడే చెయ్యి ఆగిపోతుంది. సేవా కేంద్రంలో కూర్చున్న కుర్రాడు తనకు వినిపించినట్టు కొట్టేస్తాడు. అచ్చయి వచ్చాక చూసుకుంటే వెంకటరావు ఇంకెవరో అయిపోయి ఉంటాడు. ఆ గడిని సొంతంగా, తప్పు లేకుండా నింపుకోవడానికే ఈ మార్గదర్శి.

ముందే ఒక మాట. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (భారతీయ లిపులన్నిటికీ ఒకే మీటల అమరిక) వచ్చినవాళ్లకు ఒడియా, మరాఠీ టైపింగ్ ముప్పావు వంతు వచ్చేసినట్టే. పేర్లు పాడయ్యేది మిగిలిన పావు వంతు దగ్గరే. అందుకే ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

ఇంకో సంగతి: ఇక్కడ ఒడియా, మరాఠీ అక్షరాలకు బదులు వాటి యూనికోడ్ సంఖ్యలు, అంటే కంప్యూటర్లన్నీ ఒక్కో అక్షరానికి వాడే ఉమ్మడి సంఖ్యలు ఇచ్చాం. ఫాంటు లేని ఫోనులో అక్షరం ఖాళీ గడిగా కనిపిస్తుంది, సంఖ్య మాత్రం చెడదు. సంఖ్య నుంచి అక్షరం రావాలంటే గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఒక గడిలో =యూనిచార్(2911) అని కొట్టండి. ఫార్ములా పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి: UNICHAR. ఎక్సెల్ అయితే 2013 లేదా ఆ తర్వాతిది కావాలి. వచ్చిన అక్షరాన్ని కాపీ చేసుకుని ఎక్కడైనా అతికించుకోవచ్చు. అక్షరం నుంచి సంఖ్య కావాలంటే అదే పద్ధతిలో =యూనికోడ్(ఏ1), ఇంగ్లీషులో =UNICODE(A1). ఈ రెండో ఫార్ములా ముందు ముందు చాలా పనికొస్తుంది.

256 లెక్క

భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే కోడు చేసినప్పుడు అన్ని లిపుల్లోనూ "క"కు ఒకే స్థానం ఇచ్చారు. 1991లో వచ్చిన యూనికోడ్ ఆ వరసనే తీసుకుంది. అందుకే దేవనాగరి క 2325, ఒడియా క 2837, తెలుగు క 3093. తెలుగు సంఖ్యలోంచి 256 తీసేస్తే ఒడియా అక్షరం, 768 తీసేస్తే దేవనాగరి అక్షరం. ళ చూడండి: తెలుగులో 3123, ఒడియాలో 2867, మరాఠీలో 2355.

కీబోర్డుదీ అదే కథ. 1986లో ఖరారైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఏ లిపి పెట్టుకున్నా కె మీట నొక్కితే "క"నే వస్తుంది. వేలికి లిపితో పని లేదు.

ఈ లెక్కను నమ్ముకుని కొన్ని లిపి మార్పిడి పనిముట్లు కళ్లు మూసుకుని 256 తీసేస్తాయి. తెలుగు "రాయగడ"లో య 3119. 256 తీస్తే 2863. ఒడియాలో అది "జ" అని పలికే అక్షరం. ఊరు కాస్తా రాజగడ అయి కూర్చుంటుంది! ఎ, ె, ఒ, ొ, ఱ విషయంలో ఇంకా అన్యాయం. ఒడియా పట్టికలో ఆ స్థానాలు ఖాళీ కాబట్టి గడులే వస్తాయి. లిపి మార్పిడి పనిముట్లతో ఊరి పేర్లు, మనుషుల పేర్లు మార్చకండి.

కంప్యూటర్లో కీబోర్డు పెట్టుకోవడం

విండోస్ 11లో:

1. సెట్టింగ్స్ తెరిచి టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి, అక్కడి నుంచి లాంగ్వేజ్ అండ్ రీజన్‌లోకి వెళ్లండి.
2. యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి ఒడియా అని ఇంగ్లీషులో వెతకండి. సిరొంచ, కిన్వట్, దెగ్లూరు వైపువాళ్లు మరాఠీ ఎంచుకోవాలి. డిస్‌ప్లే లాంగ్వేజ్ అన్న చోట టిక్కు ఉంటే తీసేయండి. లేకపోతే కంప్యూటరు మొత్తం ఆ భాషలోకి మారిపోతుంది.
3. చేరిన భాష పక్కన మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో కీబోర్డుల జాబితా చూడండి. ఫొనెటిక్ అన్న మాట లేకుండా భాష పేరు మాత్రమే ఉన్నది ఇన్‌స్క్రిప్ట్. కనిపించకపోతే యాడ్ ఎ కీబోర్డ్.
4. తెలుగుకు కూడా ఇదే చేయండి.
5. విండోస్ మీట పట్టుకుని స్పేస్ బార్ కొడితే కీబోర్డులు వరసగా మారతాయి. ఇప్పుడు ఏది ఉందో కింద గడియారం పక్కన కనిపిస్తుంది.

మీటలు గుర్తుండే వరకు విండోస్, కంట్రోల్ పట్టుకుని ఓ మీట నొక్కండి. తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. ప్రస్తుత లిపిలో ఏ మీట మీద ఏ అక్షరం ఉందో అందులో కనిపిస్తుంది, షిఫ్ట్ నొక్కితే షిఫ్ట్ అక్షరాలు కనిపిస్తాయి. కీబోర్డు మీద స్టిక్కర్లు అంటించే అవసరం రాదు.

ఫొనెటిక్ కీబోర్డులు కూడా 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి తెలుగు, ఒడియా, మరాఠీ మూడింటికీ ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే మన అక్షరాలు వస్తాయి. ఉత్తరం రాసుకోవడానికి హాయిగా ఉంటాయి. పేర్లకు మాత్రం మా ఓటు ఇన్‌స్క్రిప్ట్‌కే. ఫొనెటిక్‌లో మనం కొట్టిన దానికి యంత్రం తనకు తెలిసిన మాటలే చూపిస్తుంది. తెలుగు ఇంటిపేర్లు ఒడియా నిఘంటువులో ఎందుకుంటాయి? దగ్గరున్న ఒడియా మాటకు లాక్కెళ్లిపోతుంది.

మీటల పటం

మీట అంటే ఇంగ్లీషు కీబోర్డు మీద ఆ అక్షరం ఉన్న బటను. ఎడమ చేతి వైపు గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు.

మధ్య వరసలో ఏ, ఎస్, డి, ఎఫ్, జి మీటలకు వరసగా ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. పై వరసలో క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ మీటలకు ఔత్వం, ఐత్వం, దీర్ఘం, గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం. అవే మీటలు షిఫ్ట్‌తో కొడితే ఓ, ఏ, అ, ఇ, ఉ. ఔ, ఐ, ఆ, ఈ, ఊ. ఒత్తు రావాలంటే రెండు హల్లుల మధ్య డి మీట.

హల్లులు పై వరసలో: వై బ, యు హ, ఐ గ, ఓ ద, పి జ, దాని పక్కన చదరపు బ్రాకెట్టు డ. మధ్య వరసలో: హెచ్ ప, జె ర, కె క, ఎల్ త, సెమీకోలన్ చ, కొటేషన్ మీట ట. కింది వరసలో: ఎక్స్ సున్న, సి మ, వి న, బి వ, ఎన్ ల, ఎం స, చివర ఏటవాలు గీత మీట య. షిఫ్ట్ నొక్కితే చాలావాటికి మహాప్రాణం వస్తుంది: ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ. మిగతావి షిఫ్ట్‌తో ఇలా: యు ఙ, సి ణ, ఎన్ ళ, ఎం శ, కామా ష, జె బండి ఱ. మూసే చదరపు బ్రాకెట్టు షిఫ్ట్‌తో ఞ.

ఇప్పుడు బ్రహ్మపుర కొట్టి చూడండి: వై, డి, జె, యు, డి, సి, హెచ్, జి, జె. తొమ్మిది మీటలు. తెలుగు కీబోర్డు ఉంటే తెలుగులో వచ్చింది. విండోస్, స్పేస్ కొట్టి ఒడియాకు మారి మళ్లీ అవే తొమ్మిది కొట్టండి. బ్రహ్మపుర మునిసిపల్ బోర్డు మీద ఉన్నట్టే వస్తుంది. మరాఠీకి మారి కొట్టినా అంతే.

ఒడియాలో కాలు జారే చోట్లు

*రెండు యకారాలు.* ఒడియాలో 2863 చూడటానికి య వరసలోనే ఉంటుంది కానీ "జ" అని పలుకుతారు. మన య లాగా పలికేది 2911. రెండూ కంటికి దాదాపు ఒకటే, 2911కు చిన్న తోక అదనం. చిన్న అక్షరాల్లో ఆ తోక కనపడదు. య మీట ఒకసారి షిఫ్ట్ లేకుండా, ఒకసారి షిఫ్ట్‌తో కొట్టి, రెండిట్లో 2911 ఏదో యూనికోడ్ ఫార్ములాతో ఒక్కసారి తేల్చుకోండి. రాయగడ, నారాయణ, సూర్యనారాయణ, జయమ్మ: మన పేర్లలో య లేని ఇల్లు అరుదు కాబట్టి ఈ ఒక్క పరీక్ష తప్పనిసరి.

*చుక్క ఉన్న డ.* మాట మధ్యలో అచ్చుల నడుమ వచ్చే డకు ఒడియాలో కింద చుక్క ఉంటుంది, పలుకు కూడా కాస్త నాలుక మడిచి వదిలినట్టు మారుతుంది. ఒడియా అన్న మాటలోనే అది ఉంది. దాన్ని డ (2849) కొట్టి, వెంటనే చుక్క (2876) కొట్టి రాయాలి. చుక్క, మూసే చదరపు బ్రాకెట్టు మీట మీద ఉంటుంది. వరస ముఖ్యం: ముందు హల్లు, తర్వాత చుక్క, ఆ తర్వాతే గుణింతం. గుణింతం కొట్టాక చుక్క కొడితే అది గాల్లో తేలుతూ, కింద చుక్కల వలయం ప్రత్యక్షమవుతుంది.

ఇందులో ఇంకో మెలిక. చుక్కతో కలిసిన డకు విడిగా 2908 అనే సంఖ్య కూడా ఉంది. కొన్ని కీబోర్డులు దాన్ని ఇస్తాయి, కొన్ని రెండు ముక్కలుగా ఇస్తాయి. కంటికి తేడా సున్నా, కంప్యూటరుకు మాత్రం రెండు వేరు మాటలు. వెబ్‌లో వాడే ప్రమాణ రూపంలో 2908 రెండు ముక్కలుగానే విడిపోతుంది, కాబట్టి రెండు ముక్కల రూపమే అలవాటు చేసుకోండి. వెతికితే మీ పేరు దొరకడం లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

రాయగడ ఒడియాలో మొత్తం ఇది: 2864, 2878, 2911, 2839, 2849, 2876, 2878. చివర దీర్ఘం ఉంది, గమనించండి. ఒడియాలో అది రాయగడా. నోట్‌ప్యాడ్‌లో

ରାୟଗଡ଼ା

అని కొట్టి, ఫైలు పేరు చివర డాట్ హెచ్‌టీఎంఎల్ పెట్టి దాచి, బ్రౌజరులో తెరిస్తే ఊరి పేరు ఒడియాలో కనిపిస్తుంది. కీబోర్డు పెట్టుకునే వీలు లేని కంప్యూటర్లో ఇదే దారి.

*సున్న.* మన అలవాటు బాగా దెబ్బతీసేది ఇక్కడే. తెలుగులో కంఠం, పంచ, కొండ, అంద, అంబ అన్నిటికీ ఒకే సున్న. ఒడియాలో సున్నను "ంగ్" లాగా పలుకుతారు. వంశ, హంస లాంటి మాటల్లోనే దాని చోటు. మిగతా చోట్ల వర్గానికి తగ్గ అనునాసికం పెట్టి ఒత్తు ఇవ్వాలి: క, గ ముందు ఙ, చ, జ ముందు ఞ, ట, డ ముందు ణ, త, ద ముందు న, ప, బ ముందు మ.

పర్లాకిమిడి ఒడియాలో పారళాఖేముణ్డి. మీటలు ఇవి: హెచ్, ఈ, జె, షిఫ్ట్ ఎన్, ఈ, షిఫ్ట్ కె, ఎస్, సి, జి, షిఫ్ట్ సి, డి, తెరిచే బ్రాకెట్టు, ఎఫ్. మొత్తం 13. షిఫ్ట్ సి, డి చోట ఎక్స్ కొట్టి సున్న పెడితే ఒడియా చదివేవాళ్లు "ముంగ్డి" అంటారు. ఇక్కడ డ ఒత్తులో ఉంది కాబట్టి చుక్క రాదు, అదీ గమనించండి.

*వ.* తెలుగు వకు ఒడియాలో మూడు నాలుగు దారులున్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో చాలావాటికి బ (2860). ఇంగ్లీషు వి పలుకు కోసం కొందరు భ (2861) రాస్తారు. డబ్ల్యూ పలుకుకు 2929. పట్టికలో 2869 అని ఇంకో వ ఉంది కానీ మామూలు రాతలో కనపడేది తక్కువ. 256 తీసేసే పనిముట్లు ఇచ్చేది మాత్రం దాన్నే. అందుకే వెంకట అన్న పేరు ఒక కాగితంలో బతో, ఇంకో కాగితంలో భతో ఉంటుంది. మాటలో సున్న చోట ఙ, పొల్లు, క కొట్టాలి. రావు ఒడియాలో రాఓ అవుతుంది, వకారం ఉండదు: జె, ఈ, షిఫ్ట్ ఏ.

*ఎ, ఒ.* ఒడియాలో, మరాఠీలో హ్రస్వాలు లేవు. కొండమ్మ అయినా కోటమ్మ అయినా ఓత్వం ఇచ్చే ఇంగ్లీషు "ఏ" మీటే. దేవనాగరి పట్టికలో ద్రావిడ భాషల కోసం హ్రస్వ ఎ, ఒ చేర్చారు, అవి మరాఠీ ఫారాల్లో వాడకండి.

*చివరి పొల్లు.* ప్రసాద్, కుమార్ అని మనం పొల్లు పెడతాం. ఒడియాలోనూ మరాఠీలోనూ పొల్లు లేకుండా ప్రసాద, కుమార అనే రాస్తారు. పలికేటప్పుడు మరాఠీవాళ్లు చివరి అ మింగేస్తారు, ఒడియావాళ్లు పలుకుతారు. రాతలో ఇద్దరిదీ ఒకటే.

మరాఠీ వైపు

మరాఠీ మనకు కొంత సులువు. సున్న మన సున్నలాగే పనిచేస్తుంది. సిరోంచా: ఎం, ఎఫ్, జె, ఏ, ఎక్స్, సెమీకోలన్, ఈ. గడచిరోలీ: ఐ, తెరిచే బ్రాకెట్టు, సెమీకోలన్, ఎఫ్, జె, ఏ, ఎన్, ఆర్. చుక్క డ మరాఠీలో లేదు. ఫోనులో హిందీ కీబోర్డు పెట్టుకుని మరాఠీ కొట్టేవాళ్లకు సూచనల్లో చుక్క డ వచ్చి చేరుతుంది, ళ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. లిపి ఒకటే కదా అని సరిపెట్టుకోకుండా మరాఠీ కీబోర్డే పెట్టుకోండి.

బండి ఱ ఇక్కడ బతికే ఉంది. రైతులకు సంబంధించిన ఫారాల్లో తరచూ కనిపించే "శేతకఱ్యా" అన్న మాటలో ర సగం, య పక్కన చిన్న కనురెప్పలా నిలబడాలి. మామూలు ర, పొల్లు, య కొడితే ర ఎగిరి య నెత్తిన కూర్చుంటుంది, అది తప్పు. షిఫ్ట్ జె (2353), డి, ఆపైన య మీట. తెలుగు కీబోర్డులో బండి ఱ ఉన్నదీ ఆ షిఫ్ట్ జె మీదే.

యాప్, యాక్ట్ లాంటి ఇంగ్లీషు పలుకుకు మరాఠీ అక్షరం 2418. అది యూనికోడ్‌లో 2008లో చేరింది. పాత కీబోర్డుల్లో లేనందువల్ల కొందరు అ (2309) మీద అర్ధచంద్రం (2373) పెట్టి సరిపెట్టేవారు. కంటికి ఒకటే, వెతుకులాటలో రెండు. షిఫ్ట్ పట్టి 1 కొడితే వచ్చేది హిందీవాళ్ల రూపం 2317, మరాఠీలో అది అక్కర్లేదు. ఆన్‌లైన్ అన్న మాటలోని మొదటి అక్షరం షిఫ్ట్‌తో వెనక్కి వాలిన గీత మీట (2321).

రవి మరాఠీలో చాలాసార్లు రవీ అవుతుంది, ఎఫ్ బదులు ఆర్. రావు రావ అవుతుంది: జె, ఈ, బి.

ఫోనులో

గూగుల్ వారి జీబోర్డు అయితే కీబోర్డు పైన పళ్లచక్రం గుర్తు నొక్కి, లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్. ఒడియా గానీ మరాఠీ గానీ ఎంచుకుంటే అక్షరాల అమరికా, ఇంగ్లీషు నుంచి మార్చే అమరికా రెండూ చూపిస్తుంది. అక్షరాల అమరికకు టిక్కు పెట్టండి. టైపు చేసేటప్పుడు స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే భాష మారుతుంది. ఐఫోనులో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, కీబోర్డ్స్, యాడ్ న్యూ కీబోర్డ్.

ఫోనులో చిక్కులు రెండు. సూచన మీద వేలు పెట్టి మాట ఎంచుకుంటే చివర ఒక ఖాళీ దానంతటదే చేరుతుంది. "పేరు సరిపోలలేదు" అని ఫారం తిప్పికొట్టడానికి అదొక్కటే చాలు. రెండోది, ఒడియా, మరాఠీ కీబోర్డుల్లో అంకెలు ఆ లిపివే రావచ్చు. ఒడియా అంకెలు 2918 నుంచి 2927 వరకు, దేవనాగరివి 2406 నుంచి 2415 వరకు. ఫోను నంబరు, ఆధార్ నంబరు, పిన్‌కోడ్ గడులు చాలావరకు వాటిని అంకెలుగా ఒప్పుకోవు. అంకెల దగ్గరికి రాగానే ఇంగ్లీషు కీబోర్డుకు మారండి.

పేరు గడి నింపే పద్ధతి

మీ పేరు ఒడియాలో ఎలా రాయాలన్నది మీ చెవిని అడగకండి. కాగితాన్ని అడగండి. భూమి పట్టాలో గానీ ఆధార్‌లో గానీ ఇదివరకు అచ్చయిన రూపం ఏదైనా ఉంటే, అది మీకు నచ్చకపోయినా, దాన్నే అక్షరం అక్షరం దించండి. సవరించుకోవాలనుకుంటే అది వేరే పని, ఈ ఫారంతో కలపకండి.

దించాక పరీక్ష. పేరును షీట్స్‌లో ఏ1 గడిలో అతికించి, పక్కన =యూనికోడ్(మిడ్(ఏ1,3,1)), అంటే ఇంగ్లీషులో =UNICODE(MID(A1,3,1)) కొడితే మూడో గుర్తు సంఖ్య వస్తుంది. రాయగడకు అది 2911 రావాలి. 2863 వస్తే జకారం పడింది. 3ను మారుస్తూ ప్రతి గుర్తూ చూడొచ్చు. మధ్యలో 8204 గానీ 8205 గానీ కనిపిస్తే అవి కంటికి కనపడని విడదీసే, కలిపే గుర్తులు. తెలుగులో రాజ్‌కుమార్ అని జ కింద క ఒత్తు రాకుండా ఆపేది 8204 ఒక్కటే, కాబట్టి రాతలో అది కావాలి. మరో లిపిలోని పేరు గడిలోకి అది జారితే మాత్రం సరిపోలిక చెడుతుంది, తీసేయండి.

గడి సగంలోనే నిండిపోతే కంగారు పడకండి. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ మూడు లిపుల్లోనూ ఒక్కో గుర్తు 3 బైట్లు తింటుంది, గుణింతాలు విడి గుర్తులే. ఒడియాలో రాయగడా 7 గుర్తులు, 21 బైట్లు. బైట్లు లెక్కపెట్టే గడిలో 20 అని హద్దు ఉంటే ఊరి పేరు కూడా పట్టదు. ఎస్సెమ్మెస్‌లో కూడా ఇలాంటి కోతే: ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే సందేశంలో మన లిపులు 70 గుర్తులే పడతాయి.

అక్షరాలు చెడి వచ్చినప్పుడు

ఖాళీ గడులు కనిపిస్తే ఫాంటు లేదు. సమాచారం భద్రంగానే ఉంది. విండోస్ 8 నుంచి ఉన్న నిర్మల యూఐ ఫాంటులో మూడు లిపులూ ఉన్నాయి. లేకపోతే గూగుల్ నోటో ఫాంట్లు దించుకోండి. ఒక చిట్కా: ఫాంట్ల జాబితాలో, క్యారెక్టర్ మ్యాప్‌లో ఒడియా అని వెతికితే దొరకదు, ఒరియా అని వెతకాలి. రాజ్యాంగంలో 2011లో పేరు ఒడియాగా మారింది. యూనికోడ్ మాత్రం ఒకసారి పెట్టిన పేరు మార్చదు.

వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే అక్షరాలు పోయాయి. యూనికోడ్ తెలియని చోట ఎవరో దాచారు. తిరిగి రావు, మళ్లీ కొట్టాల్సిందే.

టోపీ పెట్టిన ఇంగ్లీషు అక్షరాలూ చిత్రమైన గుర్తులూ కలగాపులగంగా వస్తే మంచి వార్తే. యూటీఎఫ్-8ను పాత పాశ్చాత్య కోడుగా చదివారు, అంతే. చెత్తలో ఏ గుర్తు ఎక్కువుందో చూస్తే అసలు లిపి తెలిసిపోతుంది: ° లేదా ± మళ్లీ మళ్లీ వస్తుంటే తెలుగు, ¬ అయితే ఒడియా, ¤ లేదా ¥ అయితే దేవనాగరి. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తరచూ ఇదే జరుగుతుంది. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెరిచి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 (యూటీఎఫ్-8) ఎంచుకోండి.

చుక్కల వలయం వస్తే గుణింతం గానీ చుక్క గానీ తప్పు వరసలో పడింది. వెనక్కి చెరిపి వరసగా కొట్టండి.

ఇక డీటీపీ షాపు నుంచి తెచ్చిన మాటర్ అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల ముద్ద వస్తుందంటే అది ఆకృతి, శ్రీలిపి, అను లాంటి పాత ఫాంట్లలో కొట్టినది. అక్కడున్నవి ఇంగ్లీషు కోడులే, ఫాంటు వేషం వేసింది. కన్వర్టరుతో మార్చాక కూడా ఒత్తులు, చుక్కలు ఒక్కొక్కటీ చూసుకోవాలి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా గుడులు, ఏత్వాలు చోటు తప్పుతుంటాయి. చిన్న పేరు కోసం అంత తిప్పలెందుకు, కొత్తగా కొట్టుకోవడమే వేగం.

గుర్తులు, ఐరోపా అక్షరాలు

ఇవి అరుదుగానే కావాలి కాబట్టి క్లుప్తంగా. విండోస్ మీట పట్టుకుని ఫుల్‌స్టాప్ నొక్కితే ఎమోజీల పెట్టె వస్తుంది, దాన్లో గుర్తుల విభాగంలో దాదాపు అన్నీ ఉన్నాయి. నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డులో నమ్ లాక్ వేసి, ఆల్ట్ పట్టుకుని 0176 కొడితే °, 0178 కొడితే ², 0188 ¼, 0189 ½, 0190 ¾, 0215 ×. ముందున్న సున్న వదిలేస్తే డాస్ కాలం నాటి పట్టికలోంచి వేరే గుర్తు వస్తుంది. పైవరస అంకెలతో ఈ పని జరగదు.

₹ సంఖ్య 8377. ఆల్ట్‌తో 8377 వర్డ్‌లో పనిచేయొచ్చు కానీ బ్రౌజరులో గోడ లాంటి గీతల బొమ్మ వస్తుంది. అక్కడ 256తో భాగించగా మిగిలిన 185నే తీసుకుంటుంది మరి. ఇంగ్లీషు ఇండియా కీబోర్డు పెట్టుకుని కుడి ఆల్ట్‌తో 4 కొట్టడం నమ్మకమైన దారి. ఫ్రెంచి, జర్మన్ పేర్లలోని గీతల, చుక్కల అక్షరాలకు ఫోనులో ఆ ఇంగ్లీషు అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే చాలు.

సొర, గోండి లిపులు

గుణుపూర్, పర్లాకిమిడి వైపు సొర భాషకు మంగేయి గొమాంగొ 1936లో చేసిన సొర సోంపెంగ్ లిపి యూనికోడ్‌లో 2012లో చేరింది, 69840 దగ్గర మొదలవుతుంది. గోండికి మసరాం లిపి 2017లోనూ, ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరు మీదున్న గుంజాల గోండి లిపి 2018లోనూ చేరాయి. గుంజాల గోండి 73056 నుంచి. మూడింటికీ నోటో ఫాంట్లు ఉన్నాయి.

ఈ సంఖ్యలు 65535 దాటాయి కాబట్టి ఒక్కో గుర్తు 4 బైట్లు. మూడు బైట్ల వరకే దాచే పాత డేటాబేసు ఉన్న ఫారంలో ఈ అక్షరాలు కొడితే ఆ గుర్తు దగ్గరే మాట తెగిపోతుంది, లేదా ఫారం మొత్తం తిరిగొస్తుంది. పంపే ముందు ఆ గడిలో ఒక్క అక్షరమే కొట్టి, దాచి, మళ్లీ తెరిచి చూడండి. అక్షరం అలాగే ఉంటే పేరంతా కొట్టొచ్చు. లేకపోతే అదే పేరును ఒడియా లిపిలో గానీ దేవనాగరిలో గానీ నింపాలి.